పెంటకుప్ప గొడుగులు, అమ్మ చెయ్యి

పుట్టగొడుగుల పండుగకు నేను వేడుక చూడటానికి పోలేదు. తాడో పేడో తేల్చుకోవడానికి పోయాను.

శాలిబండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. బోనాలు అయిపోయిన వారం మా స్టాఫ్‌రూమ్ గోడకు ఎవరో ఒక కాగితం అంటించారు. దగ్గర్లోని ఒక దేవిడీ, అంటే నవాబుల నాటి పాత బంగళా, వాకిట్లో శని, ఆదివారాలు అడవి పుట్టగొడుగుల పండుగట. ఉపన్యాసాలు, వంటలు, జల్‌పల్లి బండల్లో నడక. "మీకు దొరికిన గొడుగులు తెండి, ఏవేమిటో గుర్తుపట్టి చెబుతాం" అని కింద రాసి ఉంది.

"బోనాలైనయి, ఇగ కుక్కగొడుగులకు గూడ పండుగనా?" అని లెక్కల టీచరు పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ఇదేం గొడుగు అన్నది ముప్పై రెండేళ్ల కింద మా ఇంట్లో అడగాల్సిన ప్రశ్న. అప్పుడూ ఎవరూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

మాది గౌలిపుర. తాతల నాటి నుంచి బర్రెలు, పాలు, పెరుగు. నా చిన్నప్పుడు ఇంటి వెనకే కొట్టం ఉండేది. ఇప్పుడు బర్రెలు జల్‌పల్లిలో ఉన్నాయి, మా తమ్ముడు అక్కడ పాలు పిండి క్యాన్లలో తెస్తాడు. పెరుగు మాత్రం ఇప్పటికీ గౌలిపుర ఇంట్లోనే, మట్టికుండల్లోనే తోడుపెడతారు.

పెరుగు అమ్ముకునే ఇంట్లో తోడు పెట్టడం ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదు. పాలు ఎవరైనా కాస్తారు, కుండలు ఎవరైనా కడుగుతారు. గోరువెచ్చటి పాలల్లో నిన్నటి పెరుగు వేసి కలిపే మనిషి మాత్రం ఇంటికి ఒక్కరే. ఆ మనిషిది మంచి చెయ్యి అని ఇల్లంతా ఒప్పుకోవాలి. అమ్మ కోడలిగా వచ్చిన రెండో ఏడే బాపమ్మ, అంటే మా నాయన తల్లి, ఆ గరిటె తీసి అమ్మ చేతికిచ్చింది. అమ్మ తోడేసిన పెరుగు కోసం పక్క బస్తీల నుంచి గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. ఆ గిన్నెల వరస నాకు బాగా గుర్తు, ఎందుకంటే పొద్దున్నే తలుపు తీసేది నేనే.

నాకు పదేళ్లప్పుడు ఒక వానాకాలం అమ్మ గడ్డి కోసం జల్‌పల్లి వైపు పోయి, కొంగు నిండా తెల్లటి గొడుగులు తెచ్చింది. అమ్మ పుట్టింది పల్లెలో. తొలివానలకు పుట్టల మీద మొలిచే గొడుగుల్ని ఏరి వండుకున్న చెయ్యి ఆమెది. మా ఇంట్లో అందరికీ నోరూరింది. ఉల్లిగడ్డ, కారం వేసి కూర కుతకుత ఉడుకుతుంటే బాపమ్మ వచ్చి, "ఆగుండ్రి, విషమో కాదో చూద్దాం" అంది. కాలి వెండి కడియం తీసి, కడిగి, ఉడికే కూరలో వేసింది. కాసేపయ్యాక గరిటెతో పైకి తీసి, కొంగుతో తుడిచి, వెలుతురులో తిప్పి చూసింది.

"నల్లగ కాలే. బేఫికర్ తినుండ్రి."

తిన్నాం. ఎనిమిది మందిమి తిన్నాం. నాలుగు గంటలకల్లా వాకిలంతా వాంతులు. బాపమ్మ, నాయన, చిన్నాయన, పిల్లలం, అమ్మ, ఒక్కరు మిగల్లేదు. పక్కింటివాళ్లు రెండు ఆటోల్లో కుక్కి సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. చిన్నాయనకు మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. దేవుడి దయ, ఎవరం పోలేదు.

దవాఖాన మంచం మీద పడుకొనే బాపమ్మ తీర్పు చెప్పేసింది. "దీని చెయ్యే మంచిది గాదు. ఇయ్యాలటి సంది తోడు ముట్టొద్దు."

కడియం మాట ఎవరూ ఎత్తలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు. నాయన దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆయన పోయేదాకా ఆ విషయంలో నోరు మెదపలేదు, అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇప్పుడు బాపమ్మకు ఎనభై ఆరేళ్లు. చేతులు వణుకుతాయి. తోడు సగం కుండలో పడితే సగం గచ్చు మీద పడుతుంది. అయినా గరిటె వదల్లేదు. అమ్మ పాలు కాచి, చల్లార్చి, కుండల్లో పోసి, పక్కకు జరిగి నిలబడుతుంది. అది చూసీ చూసీ నాకు కడుపు మండిపోయింది. అంతకంటే ఎక్కువ మండింది, అమ్మ నా అత్తగారింటికి వచ్చినప్పుడు. మా అరలీటరు పాలకు తోడెయ్యమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా, నువ్వే ఏసుకో" అంది. ఎవరో అన్న మాట అది, ముప్పై రెండేళ్లలో ఆమె సొంత మాట అయిపోయింది. నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట అమ్మ నోట మళ్లీ రాకూడదు.

అందుకే శనివారం పొద్దున్నే ఆటో ఎక్కి జల్‌పల్లి పోయాను. మా కొట్టం వెనక పెంటకుప్ప పక్కన ఏటా అవే తెల్లగొడుగులు లేస్తాయి. అరచేతి వెడల్పు, నడినెత్తిన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరంలా ఒక పట్టీ. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అమ్మ అటువైపు చూడను కూడా చూడదు. నాలుగు తెంపి, స్టీలు డబ్బాలో పాత పేపరు వేసి పెట్టుకున్నాను.

దేవిడీ వాకిట్లో జనం బాగానే ఉన్నారు. మా పాతబస్తీ వాళ్లం తక్కువ. టోపీలు, మెడలో కెమెరాలు, వీపున సంచులు వేసుకున్న వాళ్లు ఎక్కువ. అందరూ ఇంగ్లీషే. ఒక మూల రెండు బల్లలు వేశారు. పచ్చ బట్ట పరిచిన దాని మీద "తినదగినవి", ఎర్ర బట్ట పరిచిన దాని మీద "తినరాదు". బల్లల దగ్గర ముప్పై ఏళ్ల ఆవిడ ఉంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, వారమంతా కంప్యూటరు, సెలవొస్తే గొడుగుల వేట. నా డబ్బా మూత తీయగానే ఆవిడ కళ్లు మెరిశాయి.

"వావ్! ఎంత బాగుందో అక్కా! ఇది తినేదే" అంటూ ఫోన్‌లో ఒక బొమ్మతో పోల్చుకుని, ఏదో ఇంగ్లీషు పేరు చెప్పి, ఒక గొడుగు తీసి పచ్చ బట్ట మీద పెట్టింది. పక్కన చీటీ కూడా రాసి పెట్టేసింది.

నేను బల్ల మీదికి వంగాను. "తియ్ దాన్ని. ఆ బల్ల మీదికెళ్లి తియ్."

"అక్కా, నాలుగేండ్ల నుంచి ఇదే పని మీదున్న. నాకు తెలుసు."

"నేను ముప్పై రెండేండ్ల కింద తిన్న. నాకింకా బాగ తెలుసు."

వరసలో ఉన్నవాళ్లు మాటలు ఆపేశారు. అవతల ఉపన్యాసానికి సిద్ధమవుతున్న పెద్దాయన, రిటైరైన ప్రొఫెసరు, కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చాడు. కోస్తా మాట. "ఏం జరిగిందో మొత్తం చెప్పండమ్మా" అన్నాడు. చెప్పాను. కడియం దగ్గరికి వచ్చేసరికి ఒక టోపీ ఆయన పగలబడి నవ్వాడు. ఆయన్ను చూసి ఇంకో నలుగురు నవ్వారు.

"నవ్వనీకేమున్నది సార్?" అన్నాను. గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఎనిమిది మందిమి చావు దాకా పోయొచ్చినం. మీరు ఫోన్ల చూస్తరు, మా బాపమ్మ కడియంల చూసింది. ఆ ఫోన్ చూసే ఇప్పుడు ఈమె పచ్చ బల్ల మీద పెట్టింది. ఇగ నవ్వుండ్రి."

టోపీ ఆయన కెమెరా మూత సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"డబ్బా తెచ్చినావిడ చెప్పింది నిజమే" అన్నాడు ప్రొఫెసరు. "వెండి పరీక్షను చాలా దేశాల్లో నమ్మారు, చాలా దేశాల్లో దెబ్బతిన్నారు. వెండి నల్లబడేది గంధకానికండి. కోడిగుడ్డులో ఉంటుంది, గుడ్డు పెడితే నల్లబడుతుంది. గొడుగులో విషానికీ వెండికీ సంబంధమే లేదు." తర్వాత నా గొడుగు కాడ పట్టుకొని కింది చివర చూశాడు. "పుట్ట మీద మొలిచే తినే గొడుగైతే కాడ కింద వేరులాంటి తోక ఉంటుంది, పుట్ట లోపలికంటా దిగుతుంది. దీనికి లేదు. అయినా తొందరపడొద్దు, రేపటిదాకా దీన్ని ఏ బల్ల మీదా పెట్టొద్దు."

ఆయన కాడ కోసేసి, గొడుగు భాగాన్ని తెల్ల కాగితం మీద బోర్లించి, పైన గాజుగిన్నె మూతపెట్టాడు. గొడుగు కింద పొరలుంటాయి కదా, వాటి నుంచి పొడి రాలుతుందట. ఆ పొడి రంగే గొడుగు అసలు గుట్టు బయటపెడుతుందట. కాగితం అంచున నా డబ్బాలోదని గుర్తు రాసి, ఎండ తగలని చోట పెట్టాడు.

ఇంటికి వచ్చి గుడ్డు ఉడకబెట్టాను. నా కాలి మెట్టె ఒకటి తీసి, చిదిమిన గుడ్డులో గుచ్చి, డబ్బాలో పెట్టి మూత బిగించాను. మెట్టె తీసినందుకు మా అత్తగారు గుండెలు బాదుకుంది. "అయ్యో, ముత్తయిదువు మెట్టె తీస్తదా? ఏమన్న అయితె?"

"ఏమైతదో చూద్దామనే తీసిన అత్తమ్మా" అన్నాను.

ఆదివారం పొద్దున ప్రొఫెసరు గాజుగిన్నె ఎత్తి, గొడుగును మెల్లగా తీశాడు. కాగితం మీద గుండ్రంగా, బండి చక్రం ఆకుల్లా గీతలు. లేతపచ్చ రంగు. పాతబడిన రాగిచెంబు మీద పట్టే చిలుములాంటి పచ్చ.

"విషపుదే" అన్నాడాయన. "లేతగా ఉన్నప్పుడు పొరలు తెల్లగానే ఉంటాయి, అందుకే మోసపోతారు. మన దగ్గర జనం ఎక్కువగా పొరబడే వాటిలో ఇదొకటి."

బల్ల దగ్గర ఆవిడ ముఖం కందిపోయింది. నిన్నటి చీటీ చింపి, కొత్తది రాసి, గొడుగును ఎర్ర బట్ట మీద పెట్టింది. "సారీ అక్కా. పైపైన చూసిన" అంది నాతో. ప్రొఫెసరు ఆవిడతో, "రంగు చూడకుండా బల్ల ఎక్కించకు. మళ్లీ చూడటం అలవాటు చేసుకో" అన్నాడు. ఆ వెంటనే పక్కనున్న బుట్ట ఆవిడ చేతికే ఇచ్చి, "ఇవి నువ్వే చూడు" అన్నాడు.

అంతే! ఆవిడను ఎవరూ బల్ల దగ్గర నుంచి లేపలేదు. చెయ్యి చెడ్డదని ఎవరూ అనలేదు. ఆవిడ ఎప్పటిలాగే ఇంకో గొడుగు తీసి తిరగేసి చూసుకుంటోంది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. మా ఇంటి మీద వచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగేంత కోపం. అమ్మ చేసిందీ ఇదే తప్పు. కాకపోతే ఈమెకు మళ్లీ చూడమన్నారు, అమ్మను మళ్లీ ముట్టొద్దన్నారు.

పచ్చ మరక కాగితం అడిగి తీసుకున్నాను. అందరూ జల్‌పల్లి నడకకు బస్సెక్కుతుంటే నేను ఇంటికి పోయి, పొద్దు వాలాక మెట్టె డబ్బా పట్టుకొని గౌలిపుర ఆటో ఎక్కాను.

నేను పోయేసరికి సాయంకాలం పాలు కాగి, కుండల్లో చల్లారుతున్నాయి. అమ్మ పొయ్యి తుడుస్తోంది. బాపమ్మ కుండల పక్కనే మంచం మీద కూర్చుంది, గరిటె ఆమె దిండు దగ్గరే ఉంది. కాగితం తీసి ఆమె ముందు పరిచాను.

"ఇదేంది?"

"ఆనాడు మనం తిన్న జాతి గొడుగు మరక. జల్‌పల్లి కొట్టం పెంటకుప్ప కాడిది. విషపుదని పెద్ద సారు చెప్పిండు."

"అది గప్పుడే తెల్వదా? వాంతులు చేసుకుంటిమి గదా" అంది బాపమ్మ. "ఏందే, పంతులమ్మవైనవని నాకు పాఠం చెప్పనీకొచ్చినవా?"

"అవు. కూసొని ఇను." డబ్బా మూత తీసి, గుడ్డు తుడిచి మెట్టె ఆమె అరచేతిలో పెట్టాను. "ఏమైంది చూడు."

కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది. "నల్లగైంది. ఏ విషంల ముంచినవే దీన్ని?"

"గుడ్డుల పెట్టిన. నువ్వు రోజు పొద్దున తినే ఉడకబెట్టిన గుడ్డు."

బాపమ్మ మెట్టె వంక, నా వంక చూసింది.

"గుడ్డుల విషం లేదు, వెండి నల్లగైంది. ఆ కూరల విషమున్నది, వెండి తెల్లగనే ఉండె. నీ కడియానికి విషం గిషం ఏం తెల్వదు బాపమ్మా. బేఫికర్ తినుండ్రి అన్నది నువ్వు."

"తెచ్చింది మీ అమ్మనే గదా?"

"అవు, అమ్మనే తెచ్చింది. తప్పు ఇద్దరిది. మరి శిక్ష ఒక్కలికే ఎందుకు పడ్డది?"

పొయ్యి దగ్గర నుంచి అమ్మ కేకేసింది. "ఊకోవే! పెద్దామెతోటి గట్లనా మాట్లాడేది? లొల్లి చెయ్యకు."

"నువ్వు ఊకో అమ్మా. ఊకుండి ఊకుండి ఇంతకాలం పోగొట్టుకున్నవ్." అమ్మ వైపు తిరిగి పండుగ సంగతంతా చెప్పాను. బల్ల దగ్గరి ఆవిడ, చదువుకున్నావిడ, నాలుగేళ్ల అనుభవమున్నావిడ, ఇదే గొడుగును చూసి తినేదని చీటీ రాసిందని చెప్పాను.

అమ్మ చేతిలో మసిగుడ్డ ఆగింది. "మరి ఆమెను ఆడికెళ్లి లేపలేదా?"

"లేపలే."

"ఏమన్నరు మరి?"

"మల్ల చూడమన్నరు. గంతే."

"గంతేనా?"

"గంతే అమ్మా."

అమ్మ మసిగుడ్డ పొయ్యి గట్టు మీద పెట్టింది. తర్వాత కాగితం దగ్గరికి వచ్చి, ఆ పచ్చ గీతల మీద వేలు పెట్టబోయి ఆగింది. "కాడ కింద తోక లేదు. గప్పుడే చూసిన" అంది మెల్లగా. "గుంజుతుంటే తెగిందేమో అనుకున్న. తవ్వి చూస్తే అయిపోవు. చూడలే. అది నా తప్పే. కన్ను చేసిన తప్పు." రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "ఇవేం చేసినయ్?"

అమ్మ మంచం దగ్గరికి పోయి, దిండు పక్కన ఉన్న గరిటె తీసుకుంది. బాపమ్మ పట్టుకోబోయింది గానీ వణికే చెయ్యి అందుకోలేకపోయింది. "పాలు విరుగుతయి చూడు!" అంది.

"విరిగితే నేనే తాగుత అత్తా."

తోడు గిన్నె తీసింది, మొదటి కుండ మూత ఎత్తింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. నా వైపు తిరిగి, "ఎంత ఏస్తుంటినే నేను?" అని అడిగింది.

నాకేం తెలుసు? చీకట్లో కూడా తోడేయగలిగిన మనిషి నన్ను అడిగింది. ఏడుపు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బాపమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది, "వానకాలం. కుండకు రెండు గరిటెలెయ్యాలె."

తప్పైపోయిందని మాత్రం అనలేదు. నేను ఆమె నోట విన్నది ఆ గరిటెల మాట ఒక్కటే. అది చాలని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

"ఒకటి సాలు" అంది అమ్మ. ప్రతి కుండలోనూ ఒక్కో గరిటె వేసి, కలిపి, మూతలు పెట్టింది.

సోమవారం బడికి పోతూ గౌలిపురలో దిగాను. అమ్మ కుండల ముందు కూర్చుని ఉంది. మూత తీసి కుండ వంచి చూపించింది. పెరుగు పల్చగా, జారుతూ ఉంది. సరిగ్గా ఈ రోజే ఇలా కావాలా అనుకున్నాను.

మంచం మీద బాపమ్మ లేచి కూర్చుంది. "నేను చెప్పలే? నీ చె..."

అమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు. "అవు అత్తా, వానకాలం లెక్క నీదే కరెక్టు. ఇయ్యాల సల్ల చేసి అమ్ముదాం. పొద్దుగూకినంక రెండు గరిటెలేస్త. లెక్క నీది." కుండలోని పెరుగును చిలికే బానలోకి వంచింది. "చెయ్యి మాత్రం నాది. దాన్నేమనకు."

బాపమ్మ మళ్లీ మంచం మీద ఒరిగింది. అమ్మ ఖాళీ కుండ ముందుకు లాక్కుని కడగడం మొదలుపెట్టింది. గరిటె ఆమె బొడ్లో దోపుకొని ఉంది.